మొదటి మాటే చెల్లుతుంది

మనుషులకు మనసెందుకండీ? అరవై నాలుగు పేజీల నిబంధనల పుస్తకం ఉంటే చాలదూ!

నవ్వకండి. మా బర్నీ ఊళ్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ముగ్గురి స్నేహాన్ని ఆ పుస్తకమే నిలబెడుతోంది. ఆట పేరు 'గురకపెట్టే డ్రాగన్'. నేను గరిటె పట్టిన మాంత్రికుణ్ణి. ఓడల్లో మెకానిక్‌గా చేసి రిటైరైన డూగల్, మోకాళ్ల నొప్పుల రాక్షసుడు. బేకరీ నడిపిన నొయెలీన్, పళ్లు కట్టించుకున్న యువరాణి. ముగ్గురి వయసూ కలిపితే రెండు వందల మూడు!

ఈ ఆట లేనప్పుడు ఆదివారాలు ఎలా గడిచేవి? పాపం, మాట్లాడుకునేవాళ్లం! "ఏంటి సంగతి?" "ఏముంది, వాన." టాపిక్ ఫినిష్. ఇప్పుడో? మేక శాపం వంతెన మీద పనిచేస్తుందా లేదా అని పోయిన నెల మూడు గంటలు కొట్టుకున్నాం. డూగల్ అలిగి, తన కీమా కూరిన 'మీట్ పై' తీసుకెళ్లి కారులో కూర్చున్నాడు. టొమాటో సాస్ లోపలే మర్చిపోయాడు కాబట్టి తిరిగొచ్చాడు. ఇంత అనుబంధం ఉత్త మాటలతో వస్తుందా!

అన్నిటికన్నా గొప్పది నలభై ఒకటో పేజీ. డ్రాగన్ కార్డు తీసినవాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు. జవాబు చెప్పేవాడు నోట్లోంచి వచ్చిన మొదటి మాటకే కట్టుబడాలి.

మా ఊరివాళ్లకు ఇంతకన్నా ఘోరం ఉందా? 'కాదు' అనడానికి మేము "అవునూ... కాదు" అంటాం. 'అవును' అనడానికి "కాదూ... అవును" అంటాం. పుట్టుకతో వచ్చిన జబ్బు! "నిన్ను తినేయనా?" అని డ్రాగన్ అడిగితే, "అవునూ, కాదు" అని డూగల్ ఇప్పటికి పంతొమ్మిదిసార్లు ఫలహారమయ్యాడు.

పోయిన ఆదివారం ఆ కార్డు నొయెలీన్‌కు పడింది. ఆమె బేకరీ అమ్మేసింది. గురువారం లారీ వస్తుంది, మకాం దేశానికి ఆ చివరనున్న డార్విన్‌కు, చెల్లెలి దగ్గరికి. వెళ్లే ఆలోచన ఉందని మాకు చెప్పి ఆరు వారాలైంది. "అక్కడ ఎండ బాగుంటుంది" అని నేను, "మామిడిపళ్లు దొరుకుతాయి" అని డూగల్. అంతకుమించి ఒక్క ముక్క అంటే ఒట్టు.

"లెస్సూ, ప్రశ్న నీకే," అంది. "నే వెళ్లిపోతే నీకేమన్నా బాధగా ఉంటుందా?"

నేను లామింగ్టన్ కేకు కొరుకుతూ దర్జాగా, "అవునూ... కాదులే!" అన్నాను.

డూగల్ మోకాళ్ల సంగతి మర్చిపోయి ఎగిరి లేచాడు. "నలభై ఒకటో పేజీ! మొదటి మాటే చెల్లుతుంది! దొరికావురా లెస్సూ!"

"అప్పీలు లేదా?" అన్నాను.

నొయెలీన్ పేజీ తిరగేసి మరీ చూసింది. "లేదయ్యా. బాధపడాల్సిందే."

ముగ్గురం పొట్టలు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ముందు ఆపింది ఆమే.

"ఈ కార్డేదో ఆరు వారాల ముందు పడుండాల్సిందిరా," అంది.

కాబట్టి పాఠకులారా, ఈ పుస్తకం తప్పక కొనుక్కోండి! ముప్ఫై ఏళ్ల స్నేహితురాలితో 'వెళ్లొద్దు' అనడానికి అట్టముక్క డ్రాగన్ అనుమతి కోసం కూర్చునే మాలాంటి పెద్దమనుషులకు ఇది చాలా అవసరం.

ఆట మొత్తం ఆమె పెట్టెలోనే సర్దాం. నలభై ఒకటో పేజీ ఒక్కటే చింపి నా జేబులో పెట్టుకున్నాను. బాధగా ఉందా అని ఇప్పుడు మీరు అడగండి.

అవును.