పచ్చ పెట్రోలు పోసిన ముహందిస్

శుక్రవారం పూట నా గదికొచ్చి, నా చాయ్ తాగుతూ, "అల్లాబకాష్ చాచా, ఆ పికప్ సంగతేందో చెప్పు" అని మీరు అడగడం ఇది నాలుగోసారి. మూడుసార్లు తల ఊపి ఊరుకున్నాను. ఈసారి నేను చెప్పకపోతే నా భార్య మదార్బీ చెప్పేస్తుంది. ఆమె చెబితే అందులో నేను ఇంకా చిన్నగా కనిపిస్తాను. అందుకని నేనే చెబుతున్నాను.

నేను మాట్లాడేది తక్కువ. అది గొప్పతనం కాదు, అలవాటు. కానీ ఈ సౌదీ ఊరు ఖఫ్జీలో ఆ అలవాటే నాకు పెద్ద పేరు తెచ్చిపెట్టింది.

ఏడేళ్ల కిందట మా బాబా కారు నడి ఎండలో ఆగిపోయింది. బాబా అంటే నా కఫీల్, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని. నేను ఆయన ఇంటి డ్రైవర్ని. చుట్టూ చేరినవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. నేను బానెట్ ఎత్తి పావుగంట లోపలికి చూస్తూ నిలబడ్డాను. ఏం చూడాలో తెలియక అలా చూస్తూ ఉండిపోయాను. ఈలోగా ఇంజన్ చల్లారింది. బానెట్ మూసి తాళం తిప్పితే కారు బయలుదేరింది.

ఆ రోజు నుంచి బాబా నన్ను "ముహందిస్" అంటాడు. అంటే ఇంజనీరు.

మదార్బీ అదే ఇంట్లో వంట మనిషి. ఆ పేరు విన్న రోజు పొయ్యి మీద పొంగుతున్న పాలు వదిలేసి మరీ నవ్వింది.

"ఏమయ్యా ఇంజనీరూ, మన గదిలో ఫ్యాను మూడు నెలల్నుంచి కిర్రుమంటాంది. ముందు దాని సంగతి సూడు."

నేను ఫ్యాను వంక పావుగంట చూశాను. అది ఆగలేదు.

ఇక పికప్ సంగతి. బాబాకు ముగ్గురు కొడుకులు, ఒక పికప్. ప్రేమలో పికప్‌దే పెద్ద వాటా. దాన్ని రోజూ రెండు పూటలా కడగడం నా పని. అందుకని మదార్బీ దాన్ని "నా సవతి" అంటుంది.

పోయిన చలికాలంలో బాబా ఆ సవతికి సూపర్‌చార్జర్ పెట్టించాడు. అది ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసే యంత్రం. పెట్టినవాళ్లు పెట్టి ఊరుకున్నారు. ఎంత గాలికి ఎంత పెట్రోలు తాగాలో, ఎప్పుడు నిప్పు అంటించాలో ఇంజన్‌కు నేర్పేవాడు వేరే ఉంటాడట. వాడే ట్యూనర్.

ఒక ఆదివారం బాబా రియాద్ నుంచి ఫోన్ చేశాడు.

"ముహందిస్, ట్యూనర్ను నువ్వే ఎంచుకో. ఈ శుక్రవారం నా బామ్మర్ది ముందు బండి ఇసుకకొండ ఎక్కాలి. ఎక్కిందంటే నీకేం కావాలో అడుగు, ఇస్తాను."

నేను తల ఊపాను. ఫోన్లో తల ఊపితే అవతలివాళ్లకు కనిపించదని ఇన్నేళ్లయినా నాకు గుర్తుండదు.

మదార్బీ మాత్రం గిన్నె పక్కన పెట్టింది.

"ఉమ్రా. ఇద్దరం కలిసి."

ఉమ్రా అంటే మక్కా యాత్ర. మేం సౌదీకి వచ్చి పదకొండేళ్లు. ఆమె ఒకసారి మామాతో విమానంలో మక్కా వెళ్లొచ్చింది. మామా అంటే ఇంటి యజమానురాలు. నేను ఒకసారి బాబాతో వెళ్లొచ్చాను. ఆమె పోతే నేను బండి దగ్గర, నేను పోతే ఆమె పొయ్యి దగ్గర. ఇద్దరికీ ఒకేసారి సెలవిస్తే ఆ ఇంటివాళ్లు తినేదెట్లా, తిరిగేదెట్లా?

"నేనే మామాను అడుగుదును. కానీ బాబా నిన్ను అడగమన్యాడు. నువ్వే అడగాల," అంది. "నోటితో. తల ఊపితే కుదరదు."

నేను తల ఊపాను.

ఖఫ్జీ సనాయాలో, అంటే మెకానిక్ షాపులన్నీ ఉండే పేటలో, మనవాళ్లు ఇద్దరు ట్యూనర్లు ఉన్నారు. ఒకడు హైదరాబాద్ షాకీర్, ఒకడు ఆర్మూర్ హన్మాండ్లు. ఎవడు మంచివాడో నాకేం తెలుసు? అందుకని నాకు తెలిసిన పద్ధతి ఒకటి పెట్టుకున్నాను. ఎవడి దగ్గర తక్కువ మాట్లాడాల్సి వస్తే వాడే మంచి ట్యూనర్.

మొదట హన్మాండ్లు దగ్గరికి వెళ్లాను. టైర్ల షాపు వెనక సందులో రేకుల షెడ్డు. మనిషి నల్లగా, పొట్టిగా, చేతుల నిండా గ్రీజుతో ఉన్నాడు. నన్ను కూర్చోమనలేదు. కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు.

"ఇంజెక్టర్లు మార్చిండ్రా పాతయ్యేనా? బెల్టు ఎప్పుడేసిండ్రు? పగటి పూట నడుపుతరా, మాపటికి నడుపుతరా? ఇసుకల ఎంతసేపు తొక్కుతరు? టాంకుల ఏం పోస్తున్నరు?"

ఐదు ప్రశ్నలు. నా పెళ్లి చూపుల్లో కూడా నన్ను అన్ని అడగలేదు. నీళ్లు తాగొస్తానని సైగ చేసి, నేరుగా బండెక్కి వచ్చేశాను.

షాకీర్ షాపు వేరు. అద్దాల తలుపు, మెత్తటి కుర్చీ, చల్లటి జ్యూసు, గోడ నిండా కంప్యూటర్ తెరలు.

"ఆయియే చాచా, కూసోండి. టెన్షన్ తీస్కోకుండ్రి. మీకు ఎన్ని గుర్రాలు కావాలె? ఆరొందలా, ఏడొందలా?"

గుర్రాలంటే ఇంజన్ బలం లెక్కట. ఏడొందలన్నప్పుడు నేను తల ఊపాను. అంతే. వేరే ప్రశ్న లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అల్లా ఇలాంటి మనిషిని కూడా పుట్టించాడు కదా అనుకున్నాను.

ఇంటికొచ్చి విషయం చెబితే మదార్బీ పెదవి విరిచింది.

"జబ్బేందో అడక్కుండా మందిచ్చే డాక్టర్ దగ్గరికి పోతావా నువ్వు?"

పోతాను. నాకు అలాంటి డాక్టరే ఇష్టం. అయితే ఆ మాట పైకి అనలేదు.

సోమవారం షాకీర్ ఏవో మీటలు నొక్కి బండి చేతికిచ్చాడు. మంగళవారం పొద్దున రోడ్డెక్కి గట్టిగా తొక్కాను. ఇంజన్‌లో టకటకమని చప్పుడు, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు. షాకీర్‌కు ఫోన్ చేసి, ఫోన్‌ను ఇంజన్ దగ్గర పెట్టాను.

"అది కొత్త పవర్ సౌండు చాచా! ఎంజాయ్ చెయ్యుండ్రి," అన్నాడు.

ఎంజాయ్ చేస్తూ ఇంటికొచ్చాను. వంటింట్లోంచి మదార్బీ గరిటెతో బయటికొచ్చింది.

"ఏమయ్యా, నా సవతి పండ్లు కొరుకుతాంది?"

"పవర్," అన్నాను.

"పవరా? మా నాయన పంపు స్టవ్వులు బాగు చేసేవాడు. నేను రాయచోటి బస్టాండులో పదేళ్లు పంపు స్టవ్వు మీద ఉగ్గాని, బజ్జీ అమ్మిన. అట్లా కొట్టుకునే స్టవ్వు దగ్గర ఎవరూ నిలబడరు. పక్కకు జరుగుతారు."

ఆ మాట వినగానే నేను బండి పక్కనుంచి రెండడుగులు జరిగాను.

"ఇది కొండెక్కేది లేదు, మనం మక్కా పొయ్యేది లేదు," అంది. ఆమె కళ్లలో మామూలుగా ఉండే నవ్వు ఆ పూట లేదు. అది చూసి నాకు ఇంజన్ చప్పుడు కంటే ఎక్కువ భయం వేసింది.

బుధవారం మధ్యాహ్నం మదార్బీ మామాకు చెప్పి, అబాయా వేసుకుని, డబ్బా నిండా ఉగ్గాని పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది.

"తోలు. ఆ ప్రశ్నల హన్మాండ్లు దగ్గరికి."

"ఐదు అడుగుతాడు," అన్నాను.

"ఆరు అడిగినా నేను చెప్తా. తోలు."

హన్మాండ్లు నన్ను చూసి, "నీళ్లు దొరికినయా చాచా?" అన్నాడు. మూడు రోజుల కిందటి నీళ్లు అతను మరిచిపోలేదు. ఇంజన్ స్టార్ట్ చేయించి, ఒక్కసారి తొక్కించి, వెంటనే ఆపమని చెయ్యెత్తాడు.

"టాంకుల ఏం పోస్తున్నవ్?"

నేను స్టీరింగు వంక చూశాను. పావుగంట చూసేవాణ్ణే.

"పచ్చది," అంది వెనక సీటు.

హన్మాండ్లు చేతిలో స్పానర్ కింద పెట్టి, టైరు మీద కూలబడ్డాడు. ఈ దేశంలో పెట్రోలు రెండు రకాలని మీకు తెలుసు. పచ్చ పంపులో మామూలుది, ఎర్ర పంపులో బలమైనది.

"ఇంత గాలి తోసే ఇంజన్‌కు పచ్చది పోస్తరా? నిప్పు పెట్టకముందే లోపల అంటుకుంటది అది! గా టకటక అదే. ఇంకో రెండు దినాలు గిట్లనే తొక్కితే పిస్టన్లు చేతికొస్తుండె. ఎర్రది ఎందుకు పొయ్యలే చాచా?"

నేను స్టీరింగు మీద దుమ్ము తుడిచాను.

"నేను చెప్తా అన్నా," అంది మదార్బీ. "పచ్చది దర్గా చాదర్ రంగంట. బర్కత్ అంట. ఎర్రది ఆపదకు గుర్తంట. బాబా తాను తోలినప్పుడు ఎర్రది పోపిస్తాడు, నేను బండిలో కూచోని సూసిన. ఈయనకు మూడుసార్లు చెప్పిన. మూడుసార్లూ తల ఊపినాడు."

హన్మాండ్లు పగలబడి నవ్వుతాడని ఎదురుచూశాను. నవ్వలేదు. "నేను గూడ బండికి కుంకుమ పెట్టే నడుపుత చాచా," అన్నాడు నెమ్మదిగా. "గని కుంకుమ బయట పెడత. టాంకుల పొయ్య."

ఆ ఒక్క మాటకు అతణ్ణి నేను చచ్చేదాకా మరిచిపోను.

టాంకు ఖాళీ చేసి ఎర్రది పోశాడు. షాకీర్ పెట్టినవన్నీ తీసేశాడు. "ఏడొందల గుర్రాలని రాసిండు. సగం కాగితం మీది గుర్రాలే," అన్నాడు. పొగ గొట్టంలో ఒక వైరు పెట్టి, నా పక్కన కూర్చుని, హైవే మీద నన్ను ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఒళ్లో ఉన్న పాత లాప్‌టాప్ చూస్తూ, కొంచెం మార్చి, మళ్లీ తొక్కమని, మళ్లీ మార్చి.

"ఏందన్నా నువ్వు చేసేది?" అని వెనకనుంచి మదార్బీ అడిగింది.

"గాలికి సరిపోను పెట్రోలు ఇస్తున్న అక్కా. తక్కువైతే కాలుతది, ఎక్కువైతే మసి పడతది."

"ఓస్, పంపు స్టవ్వేనా! గాలి ఎక్కువ కొట్టి కిరసనాయిలు తక్కువైతే బర్నర్ పోతాది. అంతే కదా?"

హన్మాండ్లు లాప్‌టాప్ మూసి వెనక్కి తిరిగాడు.

"చాచా, నువ్వు ఇంట్ల వంట చెయ్. అక్కను నా షాపుకు పంపు."

సాయంత్రానికి టకటక పోయింది. ఇంజన్ సన్నగా ఈల వేస్తూ పరుగెత్తింది. హన్మాండ్లు ఉగ్గాని డబ్బా గోకి గోకి తిన్నాడు. అప్పుడు నేను ఆ వారంలోకెల్లా పొడుగైన మాట మాట్లాడాను.

"పచ్చది సంగతి బాబాకు చెప్పొద్దండి."

"నేనెందుకు చెప్త?" అన్నాడు హన్మాండ్లు.

మదార్బీ నా వైపు తిరిగింది. "బండి కొండెక్కినాక బాబాను నోటితో అడుగుతావా?"

"అడుగుతా."

"అయితే సరే."

ఆమె 'చెప్పను' అనలేదు, 'సరే' మాత్రమే అంది. ఆ తేడా ఆ పూట నాకు తట్టలేదు.

ఆ రెండు రోజులూ బాత్రూంలో నీళ్లు పోసుకుంటూ అరబ్బీలో ఒక వాక్యం నేర్చుకున్నాను. మొత్తం తొమ్మిది మాటలు. ఐదో మాట దగ్గర ప్రతిసారీ సబ్బు జారిపోయేది.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత అందరం ఊరి బయట ఇసుకకొండ దగ్గర చేరాం. బామ్మర్ది పికప్ ముప్పావు వంతు ఎక్కి, అక్కడ చక్రాలు తవ్వుకుని ఆగింది. తర్వాత బాబా ఎక్కాడు. సవతి ఈల వేసింది. ఇసుక వెనక్కి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. మదార్బీ నా చెయ్యి పట్టుకుంది, పదిమందిలో, పదకొండేళ్లలో మొదటిసారి. కళ్లు తెరిచేసరికి బండి కొండ మీద, బాబా బండి మీద.

బాబా కిందికి దిగొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "చూశారా, ఈ మనిషి మాట్లాడడు. అన్నీ తెలుసు," అని అందరికీ చెప్పి, "అడుగు ముహందిస్, ఏం కావాలి?" అన్నాడు.

ఇసుక వంక చూశాను. పక్కన మదార్బీ ఊపిరి బిగబట్టింది. అప్పుడు మొదలుపెట్టాను. ఐదో మాట దగ్గర తడబడి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని, తొమ్మిదీ చెప్పేశాను. నా భార్య, నేను, ఇద్దరం కలిసి ఉమ్రాకు పోవాలి బాబా, సెలవివ్వండి.

బాబా నవ్వడం మొదలుపెట్టాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీసి నా చేతిలో పెట్టాడు. మక్కా బస్సు టికెట్లు. రెండు. తేదీ కూడా వేసుంది.

"నీ భార్య బుధవారమే మామాకు అంతా చెప్పింది. మీరు లేని పది రోజులు పక్కింటి ముబష్షిరా వచ్చి వండుతుంది. బండి నేనే తోలుకుంటాను." నా చెవి దగ్గర వంగి అన్నాడు: "నేనైతే ఎర్రది పోస్తాలే, ముహందిస్ సాబ్."

మామా కారులోంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పిల్లలు నవ్వుతున్నారు. బామ్మర్ది కూడా. ఆ ఇసుకకొండ నామీద కూలినా బాగుండునని అనుకున్నాను.

గదికి వచ్చాక అడిగాను. "టికెట్లు ముందే వచ్చుంటే, నాతో ఎందుకు అడిగించినావు?"

మదార్బీ చెప్పులు విప్పి, ఫ్యాను కింద కూర్చుంది. ఫ్యాను కిర్రుమంటూనే ఉంది.

"నా కోసం నువ్వు నోరు తెరిచి ఒకరిని ఒక మాట అడిగితే వినాలని. పదకొండేళ్లయింది, ఎదురుసూసి."

నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. ఇదంతా ఎవరి పుణ్యం? అల్లా దయ. బాబా మంచితనం. హన్మాండ్లు ఓపిక. అన్నిటికంటే ముందు ఈ మనిషి.

ఉమ్రా చేసి వచ్చాం. ఇద్దరం కలిసే. అక్కడేం కోరుకున్నానని మీరు అడగొద్దు, నేను చెప్పను.

తిరిగొచ్చిన మర్నాడు మార్కెట్‌కు పోతూ పికప్‌ను బంకులో ఆపాను. పంపు మనిషి రెండు గొట్టాల మధ్య చెయ్యి పెట్టి, ఏది అన్నట్టు చూశాడు.

"ఎర్రది," అన్నాను.

"ఏమయ్యా, నాకు సరిగ్గా వినపడలా," అంది వెనక సీటు.

వినపడింది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఇంకోసారి చెప్పాను.