నీలం పుల్లల మర్యాద

నవ్వనని ముందు మాటివ్వండి. ఇవ్వకపోయినా చెబుతాననుకోండి, కాకపోతే కాస్త ముఖం అటు తిప్పుకుని చెబుతాను.

మా పెళ్ళికి ఫోటోలు తీసింది మా ఆవిడ మేనమామ. నాకు కోటు వేయించి, గడ్డం పైకెత్తమని, కిందికి దించమని, మూడు గంటలు తీశాడు. వారం తరవాత కెమెరా తెరిచి చూస్తే అందులో రీలు లేదు.

మా ఆవిడ ఆయన్ని ఒక్క మాట అనలేదు. కానీ ఫోటో కోసమని హాల్లో గోడకి అప్పటికే ఒక మేకు కొట్టించి ఉంచింది. ఇరవై అయిదేళ్ళుగా ఆ మేకుకి క్యాలెండరు కూడా తగిలించనివ్వలేదు.

"ఈసారి పెళ్ళిరోజుకి ఓడెక్కుదామండీ. ఆరు రోజుల విహారం. ఆఖరి సాయంత్రం కెప్టెన్ విందుంటుందిట. ఫోటోగ్రాఫరు కూడా ఉంటాడుట. మీరు ఆ కోటు వేసుకోవాలి" అంది.

కోటు తీసి వేసుకున్నాను. మూడు బొత్తాల్లో ఒక్కటీ కాజా దరిదాపులకి రాలేదు. టైలరు దగ్గరికి పట్టుకెళితే ఆయన కోటు తిరగేసి, కుట్లు పరీక్షగా చూసి, పెన్సిలు చెవి వెనక దోపుకున్నాడు.

"మడతలో ఉన్న గుడ్డంతా ఎప్పుడో వదిలేశాను సార్. ఇంక విప్పడానికి కోటులో ఏమీ లేదు. మిగతాది మీ చేతుల్లో ఉంది" అన్నాడు, నా పొట్ట వంక చూస్తూ.

ఆ తరవాత రెండు నెలలు నా మీద కాపలా నడిచింది. మా ఆవిడ స్కూలు టీచరు. పాతికేళ్ళుగా పరీక్ష హాళ్ళలో ఇన్విజిలేషన్ చేస్తోంది. వీపు తిప్పుకుని ఉండగానే "మూడో బెంచీ, కాగితం పైకి తియ్" అనగల మనిషి. నేను చక్కెర డబ్బా మూత మీద చెయ్యి వేస్తే చాలు, పడగ్గదిలోంచి "వదిలెయ్యండి" అని వినపడేది. మొత్తానికి ఓడెక్కే రోజుకి, ఊపిరి బిగబడితే బొత్తాలు పడ్డాయి. ఆరు రోజులు ఆ ఒళ్ళు అలాగే నిలబెట్టాలి. అంతే నా పని.

నా వృత్తి దస్తావేజులు రాయడం. అమ్మకాలు, పంపకాలు, ఒప్పందాలు. అందుకని ఓడెక్కే ముందు నేనే చొరవ తీసుకున్నాను.

"నోటిమాటలెందుకు? కాగితం మీద పెట్టుకుందాం" అన్నాను.

"మీరే రాస్తారా?"

"మరి ఇంట్లో ఇంకెవరున్నారు రాసేవాళ్ళు?"

రాశాను. "మూడు పూటల భోజనం తప్ప, మధ్యలో పళ్ళెంలో పెట్టుకుని, కూర్చుని, ఏ పదార్థమూ తినను." ఆవిడ చదివి, ఒక్క క్షణం నా ముఖం చూసి, సంతకం పెట్టేసింది. పళ్ళెంలో పెట్టుకుని, కూర్చుని అన్న రెండు ముక్కలూ ఎందుకు వేశానో ఆవిడకి తట్టలేదనుకున్నాను. ఓడ కరపత్రం నేను అప్పటికే రెండుసార్లు చదివాను మరి.

అందులో ఉన్నదేమిటంటే, ఓడ పైడెక్కు మీద ఏడు చోట్ల ఉచిత రుచుల బల్లలుంటాయి. కేకులు, బిస్కెట్లు, చాక్లెట్లు, జున్ను, ఒక్కో బల్ల మీద ఒక్కో రకం. అన్నీ చిన్న చిన్న ముక్కలు, ఒక్కో ముక్కకి ఒక్కో పుల్ల గుచ్చి ఉంటుంది. పళ్ళేలు లేవు. కుర్చీలు లేవు. నా ఒప్పందం కోసమే కట్టించిన ఓడలా ఉంది.

మొదటి రోజు మధ్యాహ్నం లేచి చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికండీ?"

"కాస్త గాలి పీల్చుకుని వస్తాను."

"కిటికీ తెరిచే ఉందిగా."

"ఇది కిందంతస్తు గాలి."

ఏడు బల్లలూ తిరిగి ఏడు ముక్కలు రుచి చూశాను. నమలడానికి వ్యవధి ఉండేది కాదు. నా కళ్ళు ఎప్పుడూ మెట్ల వైపే ఉండేవి, ముక్క దాని దారిన అది గొంతులోకి జారిపోయేది. అయినా ఏం సుఖం! రెండు నెలల తరవాత నాలిక్కి వెన్న తగిలితే కళ్ళు చెమర్చాయంటే నమ్మండి.

ప్రతి బల్ల పక్కనా అభిప్రాయ పత్రాల కట్ట, పెన్నూ పెట్టారు. మామూలు మనుషులు వాటిని చూసి ముందుకెళ్ళిపోతారు. నాకు ఖాళీ గడి కనిపిస్తే కాళ్ళు కదలవు. ఖాళీ వదిలితే ఎవరు ఏం నింపుతారోనని ముప్పై ఏళ్ళుగా జనాన్ని భయపెట్టి బతుకుతున్నవాణ్ణి. పేరు, వయసు, గది నంబరు, పదార్థం, అభిప్రాయం అన్నీ నింపాను. కింద మిగిలిన జాగాలో "ఇది నేను స్థిరబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసి ఇచ్చిన అభిప్రాయం. దీనిని మార్చుకొనుటకు నాకు గాని నా వారసులకు గాని హక్కు లేదు. కొట్టివేతలు లేవు. నకలొకటి గదికి పంపగలరు" అని రాసి సంతకం చేశాను. ఏడింటి మీదా చేశాను. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది.

రెండో రోజు నుంచి నా హోదా మారింది. బల్లల మీద పెత్తనం చేసే పెద్ద వంటమనిషి, మూరెడు టోపీ పెట్టుకుని తిరుగుతుంటాడు, నన్ను చూడగానే వంగి నమస్కారం పెట్టాడు.

"మీకు ప్రత్యేకమండీ" అంటూ బల్ల వెనకనుంచి వేరే ట్రే తీశాడు. అందరి ముక్కలకీ తెల్ల పుల్లలు. నా ట్రేలో మాత్రం నీలం పుల్లలు.

"ఎందుకండీ ఇదంతా!" అన్నాను, ఒకేసారి రెండు తీసుకుంటూ.

"మీ అభిప్రాయాలు చదివాం సార్. మీ లాంటివాళ్ళకి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?"

ఏడు బల్లల దగ్గరా నీలం పుల్లలే. పక్కనున్న తెల్ల పుల్లల జనం నా వంక ఈర్ష్యగా చూస్తున్నారనిపించింది. ఇంట్లో మంచినీళ్ళు కూడా నేనే ముంచుకు తాగాలి. అలాంటిది సముద్రం మధ్యలో ఇంత మర్యాద! ఆ పొంగులో అభిప్రాయాలు ఇంకాస్త నిండుగా రాయసాగాను.

మూడో రోజుకి నాలుగు విడతలు తిరుగుతున్నాను.

"ఎన్నిసార్లు పీలుస్తారండీ గాలి? టైరుకి కూడా ఇంత పట్టదు" అంది మా ఆవిడ, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఇలా లాభం లేదని ఆవిడ ఎండటోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని బయల్దేరాను. టోపీకి పక్కన పెద్ద రిబ్బను పువ్వుంది. నన్నెవరూ గుర్తుపట్టలేదని మూడు బల్లల దాకా ధీమాగా ఉన్నాను. నాలుగో బల్ల దగ్గర మూరెడు టోపీ "నమస్కారం సార్. అమ్మగారు ఇందాక ఇదే టోపీతో వచ్చారు, ఆవిడకే బాగుంది" అంటూ నీలం పుల్లల ట్రే ముందుకి జరిపాడు.

"ఆవిడ ఎందుకొచ్చింది?" అన్నాను.

"సముద్రం చూడ్డానికి సార్."

ఊపిరి పీల్చుకుని ఇంకో రెండు తిన్నాను.

నాలుగో రోజు అసలు గొడవ. పొద్దున్నే సైరన్ మోగింది. ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో నేర్పడానికట, అందరూ రక్షణ చొక్కాలు తొడుక్కుని కింది డెక్కు మీద వరసగా నిలబడాలి. మా ఆవిడ ముందు నడుస్తోంది. నేను వెనక నడుస్తూ, ఒక మలుపు దగ్గర నడవడం మానేశాను. ఓడలో ఉన్న ప్రతి మనిషీ కిందుంటే, పైన బల్లలు దిక్కులేకుండా ఉంటాయి కదా.

ఉన్నాయి. అన్ని ట్రేలూ మూతలు తీసే ఉన్నాయి. తెల్ల పుల్లల గుట్టలు నిగనిగలాడుతున్నాయి. నేను వాటి వంక కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా బల్ల వెనక్కెళ్ళి నా నీలం ట్రే వెతికి తీసుకున్నాను. మర్యాద అలవాటైన మనిషి అంతే. ఇంతలో బూట్ల చప్పుడు వినిపించింది. ట్రేతో సహా బల్ల గుడ్డ కిందికి దూరాను. రక్షణ చొక్కా ఒంటి మీద ఉండగా బల్ల కింద దూరడం సులువేమీ కాదు. దూరాక బయటికి రావడం అసలే కాదు.

కింద లెక్క పెడితే ఒక మనిషి తక్కువొచ్చాడు. మళ్ళీ లెక్కపెట్టారు. ఒక మనిషే తక్కువొచ్చాడు. మైకులో నా గది నంబరు పిలిచారు. ఓడ నెమ్మదించింది. ఎవరో దుర్భిణీ పెట్టుకుని నీళ్ళలో వెతుకుతున్నారట, ఎవరో ముసలావిడ నా కోసం ఏడుస్తోందట. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. బల్ల కింద నేను బిస్కెట్ల వరస పూర్తిచేసి కేకుల వరసలో ఉన్నాను.

బల్ల గుడ్డ పైకి లేచింది. ముందు ఒక అధికారి ముఖం, దాని పక్కన మా ఆవిడ ముఖం కనిపించాయి.

"పెన్ను పడిపోయింది" అన్నాను, నోటిలో ముక్కని ఒక బుగ్గకి తోసి.

ఆవిడ నా జేబులో ఉన్న పెన్ను వంక చూసింది.

"దొరికిందా?" అంది.

"ఊఁ."

"అయితే రండి."

తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం ఆవిడ కోటుని హేంగరుకి తగిలించి, భుజాల మీద దుమ్ము చేత్తో తుడుస్తూ, "రెండ్రోజులే ఉంది కదండీ" అంది. నాకు గోడ మీది మేకు గుర్తొచ్చింది. అప్పుడు, నిజం చెబుతున్నాను, నా మీద నాకే అసహ్యం వేసింది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగింది ఒక్క ఫోటో. దాన్ని నేను పుల్లకి గుచ్చుకుని తినేశాను. మర్నాడు ఒక్క బల్ల దగ్గరికీ వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మర్నాడు మూడు విడతలు మాత్రమే వెళ్ళాను.

ఆఖరి సాయంత్రం కోటు పట్టుకుని స్నానాలగదిలో గడియ పెట్టుకున్నాను. బయటినుంచి "అయిందా అండీ?" అంటోంది ఆవిడ. ఆ గొంతులో ఎంత సంబరమో. బొత్తాలు పట్టకపోతే కాలు జారి పడ్డానని చెప్పి మంచం ఎక్కేద్దామని నిశ్చయించుకుని, కళ్ళు మూసుకుని, మొదటి బొత్తాం లాగాను.

పట్టింది. రెండోదీ పట్టింది. మూడోదీ పట్టింది. ఊపిరి వదిలి చూశాను. కోటుకీ పొట్టకీ మధ్య వేలు దూరేంత సందుంది.

"సముద్రపు గాలే! నేను చెప్పలా? పీల్చేకొద్దీ ఒళ్ళు తగ్గుతుంది" అంటూ తలుపు తెరిచాను.

"అవునండీ. చాలా పీల్చారు" అంది.

ఫోటో తీశారు. ఈసారి కెమెరాలో అన్నీ ఉన్నాయా లేవా అని ఆవిడ ఫోటోగ్రాఫరుని మూడుసార్లు అడిగింది. తీశాక అతను తెర మీద చూపిస్తే, అలా చూస్తూ ఉండిపోయింది. నేను పక్కకి తిరిగి కోటు సర్దుకున్నాను.

విందులో కూర్చున్నాక మూరెడు టోపీ మైకు పట్టుకున్నాడు. "ఈ ప్రయాణంలో అందరికన్నా ఎక్కువ అభిప్రాయాలు రాసిచ్చిన పెద్దమనిషిని సన్మానిస్తున్నాం. అరవై ఒక్క అభిప్రాయాలు!" అంటూ నా గది నంబరు చదివాడు.

కుర్చీ కింద చోటుందేమోనని చూశాను. లేదు. చప్పట్లు కొడుతున్నారు. మా ఆవిడ కూడా కొడుతోంది.

"నువ్వు... నీకు..." అన్నాను.

"మొదటి రోజు సాయంత్రమే తలుపు కిందనుంచి ఏడు నకళ్ళు వచ్చాయండీ. మీరు మళ్ళీ గాలి పీల్చుకోవడానికి వెళ్ళినప్పుడు. మీరే పంపమన్నారట కదా."

"మరి అడగలేదే?"

"ఎందుకడగడం? మీరు నుంచుని తింటున్నారు, పళ్ళెం కూడా లేదు. ఒప్పందం ప్రకారం తప్పులేదు. అందుకని నేనే వెళ్ళి వంటాయనతో మాట్లాడాను."

మూరెడు టోపీ మా బల్ల దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు. "సార్, నా సర్వీసులో ఉప్పూ వెన్నా చక్కెరా లేని తిండిని ఇంతలా మెచ్చుకున్నవాళ్ళు లేరు. మీరు వెన్న కారుతోందని రాసిన బిస్కెట్టు గోధుమ పొట్టు. మీరు కంటనీరు పెట్టుకున్న కేకు ఉడికించిన క్యారెట్టు."

"చాక్లెట్టో?" అన్నాను.

"ఎండబెట్టిన బీట్‌రూటు సార్."

ఐదు రోజులు. తెల్ల పుల్లల గుట్టలు మూతలు తీసి నా ముందుంటే, దొంగతనంగా బల్ల కింద దూరి ఉడికించిన క్యారెట్టు తిన్నాను.

ఇప్పుడు ఆ ఫోటో మా హాల్లో ఆ మేకుకే ఉంది. ఆవిడ రోజుకోసారి దాన్ని తుడుస్తుంది. బొత్తాలన్నీ పట్టి ఉన్నాయి. ఫోటోకి వెళ్తూ దారిలో నోట్లో వేసుకున్న ఆఖరి ముక్క తాలూకు నీలం పుల్ల పై జేబులోంచి కనిపిస్తోంది, ఫోటోలోంచి దాన్ని తీయించేద్దామంటే ఒప్పుకోదు.

వంటింట్లో అరవై ఒక్క నకళ్ళూ కుట్టిన ఫైలుంది. మొన్న కంచంలో ఉడికించిన బీన్సు చూసి గొణిగాను.

"ఇరవై రెండో పత్రం చదవమంటారా? 'ఇటువంటిది రోజూ దొరికితే ఈ జన్మకి ఇంకేమీ అడగను.' కింద సంతకం మీదేనా?"

"నాదే. కానీ అప్పుడు..."

"మార్చుకునే హక్కు మీకు గాని, మీ వారసులకు గాని లేదట."

ఎక్కడైనా సందుంటుందేమోనని ఫైలంతా మూడుసార్లు తిరగేశాను. రాసినవాడెవడో గానీ, గట్టిగా రాశాడు.

తినడం అయ్యాక ఆవిడ ఒక కొత్త కాగితం, పెన్నూ నా ముందు పెట్టి వెళ్ళింది. పదార్థం, బీన్సు. అభిప్రాయం, ఖాళీ. చాలాసేపు అటూ ఇటూ చూశాను. ఖాళీ గడి అలా ఉంటే నేను కుర్చీలోంచి లేవలేను.

"బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. నకలు మాత్రం అడగలేదు.