సాక్సు వెనకాల పది కుక్కలు

ఆదివారం ఉదయం అయిదున్నరకి కళ్లజోళ్లాయన వంటింట్లో నిలబడి ఒక పాత సాక్సులో వేయించిన కాలేయం ముక్కలు కూరుతున్నాడు. కళ్లజోళ్ల షాపు ఉంది కాబట్టి ఆయనకి ఊళ్లో ఆ పేరు. అసలు పేరు షాపు లైసెన్సు మీద ఉంది గానీ, దాన్ని చదవగలిగేంత కళ్లున్నవాళ్లు ఆయన షాపుకి రారు.

ఆ రోజు పనులన్నీ ఒక పాత కంటి పరీక్ష చీటీ వెనకాల రాసుకున్నాడు. ఆరింటికి పార్కులో కుక్కలకి వాసన జాడ వేయడం. ఎనిమిదింటికి అనుమతి పత్రం తెచ్చుకోవడం. తొమ్మిదింటికి కుక్కల చెవుల కొలత. పదింటికి జాడ పోటీ. ఇంత చక్కటి చీటీ రాసుకున్నవాడికి రోజు ఎలా గడవాలో అలా గడవదని ఆయనకి యాభై ఆరేళ్లొచ్చినా తెలియలేదు.

"ఏమండీ, ఆ కోటు జేబు చిరిగింది. ఇలా ఇస్తే రెండు నిమిషాల్లో కుట్టేస్తాను," అంది భార్య గుమ్మంలోంచి.

"మూడు నెలల నుంచీ చిరిగే ఉంది కదా, ఇంకో పూట ఉంటే ఏం మునిగిపోతుంది? టైమైపోతోంది."

"మీ ఇష్టం."

భార్య ఆ రెండు మాటలూ ఆ గొంతుతో అన్నప్పుడు తెలివైన మొగుడు ఆగిపోతాడు. మనవాడు కోటు తొడుక్కున్నాడు.

"ఈ ఏడాదైనా మన దొరగారి చేత పదకొండో అడుగు వేయిస్తారా?" అని అడిగింది ఆవిడ, సోఫా కింద ముడతలు పడి ఉన్న శాల్తీని చూపిస్తూ.

దొరగారంటే వాళ్ల కుక్క. బాసెట్ హౌండ్. జానెడు కాళ్లు, నేల ఊడ్చే చెవులు, అప్పు ఇచ్చి మరిచిపోయినవాడిలా దిగులు మొహం. ఆ మొహం వెనకాల దిగులేమీ లేదు, నిద్ర మాత్రమే ఉంది. అయిదేళ్లుగా పోటీల్లో దింపుతూనే ఉన్నారు. ప్రతి ఏడూ సరిగ్గా పది అడుగులు వేసి, తన వంతు అయిపోయిందన్నట్టు పడుకునేది.

ఆ మాటకొస్తే ప్రాంతీయ బాసెట్ హౌండ్ క్లబ్బులో ఉన్న పదకొండు కుక్కల్లో ఏదీ ఇంతవరకు జాడ పోటీ పూర్తి చేసిన పాపాన పోలేదు. వాసన పట్టుకుంటూ వెళ్లి సగంలో ఏ చెట్టునో మెచ్చుకుంటూ ఆగిపోయేవి. అందుకే క్లబ్బు వాళ్లు దయతో ఒక నిబంధన పెట్టుకున్నారు. వదిలిన అరగంటకి గంట కొడతారు. ఆ క్షణానికి ముగింపు జెండాకి అన్నిటికంటే దగ్గరగా ఏ కుక్క ఉంటే దానిదే కప్పు.

కానీ ఈసారి కప్పు సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. అసలు క్లబ్బు ఉంటుందా ఊడుతుందా అన్నదే ప్రశ్న. పోయిన ఏడాది ఒక కుక్క హద్దు తాడు దాటి, పార్కు సూపరింటెండెంటు కొత్తగా వేయించిన గులాబీ మడిలో పడుకుంది. ఈ ఏడు ఒక్క కుక్క తాడు దాటినా ఇక జన్మలో అనుమతి ఇవ్వనని ఆయన ఖరాఖండీగా చెప్పేశాడు. ఊళ్లో ఇంకో మైదానం లేదు. క్లబ్బు పెట్టిన పెద్దమేడంకి డెబ్భై ఎనిమిదేళ్లు. బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక ఆవిడకి మిగిలింది ఒక ముసలి కుక్క, ఒక మోకాలి నొప్పి, ఈ ఆదివారాలు. అవి తన చేతి మీదుగా పోకూడదని కళ్లజోళ్లాయన పట్టుదల.

అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని జాడ వేశాడు. సాక్సుకి పురికొస కట్టి, నేల మీద ఈడ్చుకుంటూ, చెరువు పక్కగా, బెంచీల వెనకగా పార్కంతా తిరిగాడు. పెద్దమేడం అంత దూరం నడవలేదని జాడని గుండ్రంగా తిప్పి, మొదలు పెట్టిన చోటికి రెండు బారల దూరంలోనే ముగింపు జెండా పాతాడు. ఆవిడ కుర్చీలో కూర్చునే రెండూ చూడొచ్చు.

పని అయ్యాక సాక్సుని మూత బిగించిన డబ్బాలో పెట్టి, పోటీ మొదలవ్వగానే ఆ డబ్బాని పెద్దమేడంకి చూపించాలి. అది నియమం. డబ్బా ఇంట్లో వంటగట్టు మీద హాయిగా కూర్చుని ఉంది. సరే అని సాక్సుని కోటు జేబులో కుక్కుకున్నాడు. చిరిగిన జేబులోంచి అది అస్తరులోకి జారి, అస్తరులోంచి కింద అంచు దాకా దిగి, అక్కడో చిరుగు దొరికితే బయటికొచ్చింది. పురికొస జేబు గుండీకి చిక్కుకోవడంతో పడిపోకుండా వెనకాల మోకాళ్ల దగ్గర వేలాడుతూ, బొట్లు బొట్లుగా కారుతూ నిలిచిపోయింది. ఆయనకి నాలుగు రోజులుగా జలుబు. ముక్కు దిబ్బడేసి ఉంది. రెండు వీధి పిల్లులు వెంటపడితే, మూగజీవాలకి తనంటే ఎంత ప్రేమో అని మురిసిపోయాడు.

పార్కు గేటు ఎదురుగా బేకరీ ఉంది. మొగుడూ పెళ్లాలిద్దరూ తీపి మానేయాలని డాక్టరు చెప్పి ఏడాదైంది. ఇంట్లో ఆవిడ పట్టుదల చూసి ఆయనకి సిగ్గేసేది. సిగ్గుపడుతూనే బేకరీలో నిలబడి ఒక క్రీము బన్ను తిని, మూతి తుడుచుకుని బయటపడ్డాడు.

ఎనిమిదింటికి సూపరింటెండెంటు ఆఫీసు. లోపల హీటరు భగభగమంటోంది. కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. పక్క కొక్కేనికి సూపరింటెండెంటుగారి కోటు ఉంది. రెండూ గోధుమ రంగువే.

సూపరింటెండెంటు అనుమతి పత్రాన్ని చేతి పొడుగునా దూరంగా పట్టుకుని, ఇంకొంచెం దూరం పెడదామంటే చెయ్యి చాలక, మెడ వెనక్కి వంచి చూస్తున్నాడు.

"సార్, ఒక్కసారి షాపుకొస్తే కళ్లు చూసి పంపిస్తాను," అన్నాడు మనవాడు ఉండబట్టలేక.

"నా కళ్లకేమండీ? గద్ద కళ్లు! మూడో నిబంధన చదువుకోండి. నేనే కూర్చుని టైపు చేశాను."

ఆయన టైపు చేసిన ఏ కాగితంలోనైనా ప్రతి నిబంధనలోనూ ఆయన ప్రసక్తి ఉండాల్సిందే, లేకపోతే ఆయనకి అన్నం సయించదు. సంతకం గీకి కాగితం చేతికిస్తూ, "పదింటికి స్వయంగా వస్తున్నాను. ఒక్క కుక్క, ఒక్క కాలు తాడు బయట పెట్టిందో, అంతే సంగతులు!" అన్నాడు. కళ్లజోళ్లాయన మూడుసార్లు తలూపాడు. కాగితం పుచ్చుకుని, దండం పెట్టి, కోటు సంగతి మరిచిపోయి ఎండలోకి వచ్చేశాడు.

భార్య దొరగారిని తీసుకొచ్చాక చెవుల కొలత చక్కగా జరిగింది. టేపు పెడితే చక్కిలిగింతలు పుట్టే కుక్కొకటి ఉందిగానీ దానికి కూడా మార్కులు పడ్డాయి. పదింటికి పదకొండు కుక్కలూ గీత మీద నిలబడ్డాయి, కొన్ని కూర్చున్నాయి. గంట కొట్టడానికి క్లబ్బులోని ప్లంబరు స్టూలేసుకుని గడియారం చూస్తున్నాడు. ఆయన కుక్కకి పోయిన ఏడాది కప్పు వచ్చింది, నిద్రలో దొర్లి జెండా వైపు రావడం వల్ల.

"వదలండి!" అంది పెద్దమేడం.

వదిలారు. దొరగారు లేచి, పది అడుగులు వేసి, పడుకున్నారు. మిగిలిన పదీ నేలకి ముక్కులు ఆనించి బయల్దేరాయి.

"ఏవయ్యా, సాక్సు డబ్బా ఏదీ?" అంది పెద్దమేడం చెయ్యి చాపి.

కళ్లజోళ్లాయన జేబు తడుముకుందామని చూస్తే జేబు లేదు. జేబుండాల్సిన కోటే లేదు. సరిగ్గా అప్పుడే గేట్లోంచి సూపరింటెండెంటు లోపలికి వచ్చాడు. ఒంటి మీద ఉన్న కోటు మనవాడిది. మోకాళ్ల వెనకాల సాక్సు గడియారం లోలకంలా ఊగుతోంది.

కళ్లజోళ్లాయనకి పై ప్రాణం పైనే పోయింది. పరుగున వెళ్లి, "సార్! ఆ కోటు... ఒక్కసారి విప్పుతారా!" అన్నాడు.

"ఎందుకు విప్పాలి? చలిగా ఉంది."

"ఎండ బాగా కాస్తోంది సార్! నేను పట్టుకుంటాను. మీకెందుకు శ్రమ!"

మీ వెనకాల మాంసం వేలాడుతోంది సార్ అని ఆయనతో ఏ నోటితో చెబుతాడు? అందుకని భుజం పట్టుకుని లాగాడు. దూరం నుంచి చూసిన భార్యకి, ఎన్నడూ ఎవరితోనూ గొడవ పడని మొగుడు ఆఫీసరు మీద చెయ్యి చేసుకుంటున్నట్టు కనబడింది.

"అయ్యో, ఏమండీ, వద్దండీ!" అని ఆవిడ పరుగెత్తుకొచ్చి మొగుణ్ని నడుం పట్టుకుని వెనక్కి లాగింది. పెద్దమేడంకి వేరేలా కనబడింది. "జేబులో ఏదో కుక్కుతున్నాడు! లంచాలిచ్చి నిలబెట్టుకునే క్లబ్బు నాకొద్దయ్యా!" అని చేతికర్ర ఎత్తింది. సూపరింటెండెంటుకి ఏమీ సరిగా కనబడక, ముగ్గురూ కలిసి తనని కొట్టడానికే వచ్చారనుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు.

అప్పుడు గాలి తిరిగింది.

చెరువు దగ్గర పది ముక్కులు ఒక్కసారి పైకి లేచాయి. నేల మీద పొద్దుటి పాత వాసన ఎక్కడ, గాలిలో తాజా కాలేయం ఎక్కడ! చరిత్రలో మొదటిసారి ప్రాంతీయ బాసెట్ హౌండ్ క్లబ్బు కుక్కలు పరుగెత్తాయి. చెవులు రెండు వైపులా ఎగురుతుంటే, బొంగురు గొంతులతో ఊళలు పెడుతూ వచ్చేశాయి. సూపరింటెండెంటుకి గోధుమ రంగూ తెలుపూ కలిసిన ముద్ద ఏదో దూసుకొస్తున్నట్టు మాత్రం తెలిసింది. ఆయన ఒక్క గెంతులో తాడు దాటి, గేటు దాటి, రోడ్డు దాటి బేకరీలో దూరాడు. పది కుక్కలూ ఆయన వెంటే తాడు దాటి, గేటు దాటి, రోడ్డు దాటి బేకరీలో దూరాయి. వాటి వెనకాల వాటి యజమానులు, కళ్లజోళ్లాయన, భార్య, అందరికంటే ఆఖరున కర్ర ఊనుకుంటూ పెద్దమేడం. డ్యూటీ డ్యూటీయే అని ప్లంబరు మాత్రం స్టూలు దిగలేదు.

బేకరీలో సూపరింటెండెంటు గాజు బీరువాకి ఆనుకుని నిలబడ్డాడు. సాక్సు అప్పటికే ఖాళీ. పది కుక్కలూ ఆయన చుట్టూ కూర్చుని, ఇంకా ఏమైనా ఇస్తాడేమోనని భక్తిగా చూస్తున్నాయి.

బేకరీ ఆవిడ ఏ మాత్రం తొణక్కుండా భార్య వైపు చూసి, "రండమ్మా, మీ ఆదివారం డబ్బా కట్టి ఉంచాను. రెండు క్రీము బన్నులే కదా?" అంది. తరవాత మొగుణ్ని చూసి, "మీకు పొద్దున ఇచ్చేశాను కదండీ, మళ్లీ వచ్చారేం?" అంది.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో అంత పూర్తి అవగాహన వాళ్ల మధ్య ఎప్పుడూ కుదరలేదు.

"అయిపోయింది!" అని అరిచాడు సూపరింటెండెంటు. "ఒకటి కాదు, పది! పది కుక్కలు తాడు దాటాయి! ఇక మీ క్లబ్బు..."

కళ్లజోళ్లాయనకి ఏడుపు ఒక్కటే తక్కువ. "తప్పు నాది మేడం. కోటు కుట్టించుకోలేదు," అని గొణిగాడు.

పెద్దమేడం ఆయాసం తీర్చుకుని, అనుమతి పత్రం విప్పి, కళ్లజోడు సర్దుకుని, నలభై ఏళ్లు పిల్లల్ని నిలబెట్టిన గొంతుతో చదివింది.

"మూడో నిబంధన. సూపరింటెండెంటు స్వయంగా వెంట ఉంటే తప్ప ఏ కుక్కా తాడు దాటరాదు. ఎవరు రాశారు నాయనా ఇది?"

"నేనే."

"ఈ పదీ ఎవరి వెంట దాటాయి?"

సూపరింటెండెంటు కోటు గుండీలు విప్పడం మొదలెట్టాడు. "అసలీ కోటు నాది కాదు!"

"మరెందుకు తొడుక్కున్నావు?"

జవాబు ఒక్కటే ఉంది. నాకు కనబడలేదని ఇంతమంది ముందు, పది కుక్కల ముందు చెప్పాలి. ఆయన తల దించుకున్నాడు. కింద పెద్దమేడంగారి ముసలి కుక్క ఆయన బూటు మీద గడ్డం ఆనించి గుర్రుపెడుతోంది. దాని నిద్ర చెడకుండా కాలు కదపలేదు.

"వచ్చే ఏడాది కాగితం కూడా పంపించండి, ఈ రోజే సంతకం పెట్టేస్తాను," అన్నాడు చివరికి. తరవాత కళ్లజోళ్లాయన వైపు వంగి గొంతు తగ్గించి, "షాపు సోమవారం ఎన్నింటికి తీస్తారు?" అని అడిగాడు.

కళ్లజోళ్లాయనకి ఎంత సంతోషం వేసిందంటే, భార్య చేతిలోని డబ్బా తీసుకుని అందరి ముందూ విప్పి ఒక బన్ను పెద్దమేడంకి, ఒకటి సూపరింటెండెంటుకి ఇచ్చేశాడు. భార్య ఇంకో డజను కట్టమని బేకరీ ఆవిడకి చెప్పింది. క్లబ్బు మొత్తం అక్కడే నిలబడి మూతులకి క్రీము పూసుకుంటూ నవ్వుతుంటే, రోడ్డు అవతల పార్కులో ఠంగున గంట మోగింది.

అందరూ బేకరీ గుమ్మంలోంచి పార్కు వైపు చూశారు. మొదలు గీతకి రెండు బారల దూరంలో, ముగింపు జెండా కర్రకి వీపు ఆనించి, ఒక కుక్క పడుకుని ఉంది. పార్కు మొత్తంలో ఇంకో కుక్క లేదు.

తాను గెలిచిన సంగతి దొరగారికి సాయంత్రం నిద్ర లేచాక తెలిసింది.