గిద్దలూరు పెళ్లికూతురి బొంత

శాంతయ్యకు ఈ లోకంలో మిగిలిపోయిన కోరిక ఒక్కటే. ఒక బొంత. పెళ్లాం చేత్తో కుట్టిన బొంత.

ఇదేం పెద్ద కోరిక అనుకుంటారేమో. ఆయన పెళ్లాం ఎలీషబా మార్కాపురం చుట్టుపక్కల పల్లెల్లో బొంతలకు పేరుపడ్డ మనిషి. పాత చీరలు నాలుగు పొరలు పరిచి, పైన రంగు రంగుల ముక్కలు పేర్చి, చీమలు బారు తీరినట్టు కుట్టు వేసిందంటే ఆ బొంత కప్పుకున్న మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. పొదిలిలో మేనకోడలికి ఒకటి, హనుమంతునిపాడులో చెల్లెలి కోడలికి ఒకటి, పాస్టరు వెస్లీగారికి ఒకటి. ఎప్పుడో బస్సులో సీటు ఇప్పించిన పాపానికి ఒక కండక్టరుకు కూడా ఒకటి. ముప్పై రెండేళ్లుగా ఊరూ వాడా ఎలీషబా బొంతలు కప్పుకుని వెచ్చగా పడుకుంటోంది. శాంతయ్య తప్ప.

బొంత చేతిలో లేని పూట కొక్కెం సూది పట్టుకుని ఊలు దారంతో అల్లుతుంది. టీవీకి ముసుగు, రిమోటుకు చొక్కా, నీళ్ల బిందెకు టోపీ. ఆఖరికి గ్యాసు బండకు కూడా కుచ్చుల పావడా. ఆ ఇంట్లో సరైన ముసుగు లేని వస్తువు శాంతయ్య ఒక్కడే.

ఆయనకొక రగ్గు ఉంది, మార్కాపురంలో కొన్నది. దాని మీద పులి బొమ్మ. నున్నగా జారే రకం. కప్పుకున్న కాసేపటికి పులి తన దారిన తాను మంచం దిగిపోతుంది. తెల్లారి లేచి చూస్తే పులి కింద నేల వెచ్చగా ఉంటుంది, మంచం మీద శాంతయ్య చల్లగా ఉంటాడు.

బొంత అడగలేదా అంటే అడిగాడు. అడిగినప్పుడల్లా ఎలీషబా ఒకటే మాట. బొంత అడిగినోళ్లు గుడ్డలు తేవాల, సూదీ దారం నావి. అది ఆమె పద్ధతి. కొత్త గుడ్డ పనికిరాదు. ఇంటి మనుషులు కట్టి, విడిచి, ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డే కావాలి. వాళ్ల ఒంటి వెచ్చదనం బొంతలోకి రావాలంటే అదే దారి అంటుంది.

ఈ మాట శాంతయ్య చెవికి ఎక్కలేదు. బయటివాళ్లకు పెట్టిన పద్ధతి మొగుడికి ఎందుకు అని ఆయన అభిప్రాయం. పైగా ఆయనకు తన బట్టలంటే ప్రాణం. పలకల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో కొన్న ఖాకీ చొక్కా ఇప్పటికీ రేకు పెట్టెలో పదిలంగా ఉంది. దాని గుండీలూ కాజాలూ ఆయన పొట్ట మీద కలుసుకుని ఇరవై ఏళ్లయింది, అది వేరే సంగతి.

ఈమెకు బయటివాళ్లంటేనే ముద్దు, సరే, బయటివాళ్ల చేతే అడిగిస్తా అనుకున్నాడు శాంతయ్య. అనుకున్న వెంటనే చెప్పులు వేసుకున్నాడు.

బయటివాడు బస్టాపు దగ్గర టీ కాస్తున్నాడు. పేరు ఖుద్దూస్. చిన్నప్పటి నుంచి ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. నీ చుట్టాల్లో ఎవరికో బిడ్డ పుట్టిందని చెప్పి మా ఆడమనిషిని బొంత అడుగు, వచ్చాక నాకియ్యి, అన్నాడు శాంతయ్య.

ఖుద్దూస్ టీ గరిటె దించి, రెండు చేతులు మూరెడు ఎడంగా పెట్టి చూపించాడు. "పసిబిడ్డ బొంత ఇంతే ఉంటాది బావా. నీకు ఒక మోకాలికి సరిపోతాది. రెండో మోకాలికి ఇంకో బిడ్డను పుట్టియ్యాల."

అప్పుడు పెళ్లి పుట్టింది. గిద్దలూరులో ఖుద్దూస్ తోడల్లుడి కూతురు షాయిస్తాకు పెళ్లి. గిద్దలూరయితే ఎలీషబా పోయి విచారించేది లేదు. బొంత చేతికి వచ్చాక, పెళ్లి ఆగిపోయిందమ్మా, దీన్ని మా బావనే కప్పుకోనియ్యి అని ఖుద్దూస్ తెచ్చి ఇచ్చేస్తాడు. ఎక్కడా అతుకు కనపడని పథకం.

తనకు అబద్ధాలు రావని ఖుద్దూస్ వెనక్కి తగ్గాడు. మరి నీ టీలో పాలుండాయని రోజూ ఎట్ల చెప్తాండావు అని శాంతయ్య అడిగాడు. ఖుద్దూస్ ఒప్పుకున్నాడు.

సాయంత్రం ఖుద్దూస్ వచ్చి చెప్పడమే ఆలస్యం, ఎలీషబా ఊలు ఉండ పక్కన పెట్టేసింది. "పెళ్లికూతురికా? ఎందుకియ్యనన్నా. వారంలో కుట్టి ఇస్తా. గుడ్డలు పంపియ్యమను."

మంచం మీద నిద్ర నటిస్తున్న శాంతయ్యకు సంతోషమూ కడుపుమంటా ఒకేసారి వచ్చాయి. మొగుడికి ముప్పై రెండేళ్లలో కుట్టడానికి తీరని బొంత, ముఖం కూడా చూడని గిద్దలూరు పిల్లకు వారంలో.

ఇక గుడ్డలు. షాయిస్తా తల్లిదండ్రుల గుడ్డలు ఎక్కడి నుంచి వస్తాయి? మర్నాడు ఎలీషబా స్త్రీల సమాజం ప్రార్థనకు వెళ్లినప్పుడు శాంతయ్య ఆమె పెట్టె తెరిచాడు. అడుగు నుంచి రెండు పాత చీరలు లాగాడు. దండెం మీది తన లుంగీల్లో పాతది ఒకటి కలిపాడు. ఎరువుల సంచిలో కుక్కి వెనక గోడ మీదుగా ఖుద్దూస్‌కు అందించాడు. ఎలీషబా ఇంటికి వచ్చాక, ఖుద్దూస్ ఆ సంచి భుజాన వేసుకుని సందు చుట్టి ముందు గుమ్మంలోంచి వచ్చాడు. గోడ అటు నుంచి ఇటు రావడానికి ఆయనకు గిద్దలూరు నుంచి నడిచి వచ్చినంత చెమట పట్టింది.

ఎలీషబా చీర విప్పి పరిచింది. ఊదా రంగు చీర. కొంగు దగ్గర ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిన మచ్చ. ఆ మచ్చ అంచు వెంట వేలు తిప్పింది.

"ఎవరిదన్నా ఈ చీర?"

"మా తోడల్లుడి పెళ్లాందమ్మా."

"పాపం, ఆమె గూడా నా మాదిరే ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయినట్టుందే. అదే తావులో."

"ఆడోళ్లంతా అంతే గదమ్మా," అన్నాడు ఖుద్దూస్, గుమ్మం వైపు జరుగుతూ.

ఎంత చక్కగా సర్దినాడు నా బావ అని శాంతయ్య లోపల్లోపలే మెచ్చుకున్నాడు.

మర్నాడు ఎలీషబా పెట్టెకు తాళం పడింది. ఎందుకని అడిగితే ఎలక పడింది, చీరలు ఎత్తకపోతాంది అని చెప్పింది. అంతటితో ఆగలేదు. ఖుద్దూస్‌ను పిలిపించి, ఆడగుడ్డ సరిపోయింది గానీ మగగుడ్డ చాల్లేదు, పిల్ల నాయన బట్టలు ఇంకా కావాల అని చెప్పి పంపింది.

తాళం ముందు శాంతయ్యకు ఇక తన రేకు పెట్టే దిక్కయింది. గుండె రాయి చేసుకుని రెండు గళ్ల లుంగీలు తీశాడు. గోడ మీదుగా అటు, గుమ్మంలోంచి ఇటు. రెండ్రోజులకు మళ్లీ కబురు. అడుగు పొరకు తెల్ల పంచె ఉంటే మేలంట. శాంతయ్య దగ్గర తెల్ల పంచె ఉంది, ఆదివారం ప్రార్థనకు కట్టేది. అదీ గోడ దాటింది. ఆ తర్వాత అంచుకు ఖాకీ గుడ్డ కావాలంట. నడుమ ఎర్రచారల చొక్కా ముక్క పడితే పెళ్లికళ వస్తాదంట.

శాంతయ్య దగ్గర ఖాకీ చొక్కా ఉంది. ఎర్రచారల క్రిస్మస్ చొక్కా కూడా ఉంది. ఆమె ఏది అడిగితే అది సరిగ్గా తన దగ్గరే ఉండటం చూసి, ఇదంతా దేవుడి సహాయమే అనుకున్నాడు.

ఒక పొద్దున ఎలీషబా ఖాళీ దండెం వైపు చూసి, నీ పంచె ఏదయ్యా అని అడిగింది. గాలికి పోయినట్టుంది అన్నాడు.

"ఏం గాలయ్యా ఇది. నా రవికె ఒకటి గూడా కదల్లేదు. మగబట్టలే ఏరుకుని పోతాంది."

వసారాలో బొంత పరిచింది. మూడు మూలలకు పాత పలకల దొంతరలు బరువు పెట్టింది, నాలుగో మూలకు శాంతయ్యను పెట్టింది. సూదుల్లో దారం ఎక్కించే పని కూడా ఆయనదే. అద్దాల్లోంచి చూసి, దారం కొస ఎంగిలి చేసి, పది పోట్లకు ఒకటి ఎక్కించేవాడు. వేరేవాళ్ల పెళ్లికి ఇంత చాకిరీ చేసే మొగుడు ఎవరికి దొరుకుతాడే అని గొప్పలు కూడా పోయాడు. పెళ్లికూతురి పొడుగు తెలియదు, ఒకసారి దీని మీద పడుకో, కొలత చూస్తా అందామె. శాంతయ్య ఒక్క దూకులో పడుకున్నాడు. ఆహా, ఏం మెత్తదనం.

"పెళ్లికూతురికి ఇంత పొట్ట ఉంటాదంటావా?" అంది ఎలీషబా, ఇంకో జానెడు వెడల్పు కలుపుతూ.

గురువారం ఖుద్దూస్ టీ బంకు వదిలేసి వచ్చాడు. శాంతయ్యను వెనక గోడ దగ్గరికి లాక్కుపోయాడు.

"మీ సమాజం ఆడోళ్లు పదకొండు మంది పెళ్లికి వస్తారంట బావా. వ్యాను గూడా మాట్లాడుకున్నారంట. తలా ఒకటి ఊలుతో అల్లతాండారు, పెళ్లికూతురికి. యాడ దించేది వాళ్లను? షాయిస్తాకు ఎప్పుడో పెళ్లయింది. ఇద్దరు పిల్లలు. పెద్దోడు బడికి పోతాండాడు."

"పెళ్లి ఆగిపోయిందని ఇప్పుడే చెప్పరాదా?"

"పొద్దున్నే చెప్పినా. మీ ఆడోళ్లు అక్కడికక్కడే మోకాళ్లేసి ప్రార్థన చేసినారు. మళ్లీ కుదిరిందని మీ ఎలీషబమ్మే నాకు చెప్పి పోయింది."

ఖుద్దూస్ ఇంటామె బాషాబీ సంగతి ఇంకా ఘోరం. సొంత చెల్లెలి ఇంట్లో పెళ్లి ఊళ్లోవాళ్లు చెప్తే తెలిసిందని ఆమె నాలుగు రోజులుగా మొగుడితో మాట్లాడటం లేదంట. మాట్లాడకపోతే పోనీ, కూర కూడా వండటం లేదంట.

శనివారానికి బొంత పూర్తయింది. రేపు ప్రార్థన అయినాక అందరి ముందర ఇస్తా అని ఎలీషబా మడత పెట్టి దాచింది. సాయంత్రం శాంతయ్య ఒంటి మీది లుంగీ వైపు చూసి, మురికి పట్టింది, విప్పు, నానేస్తా అంది. శాంతయ్య తుండుగుడ్డ చుట్టుకుని విప్పి ఇచ్చాడు.

ఆదివారం పొద్దున శాంతయ్య రేకు పెట్టె తెరిచాడు. పెట్టెలో పెట్టె అడుగు కనిపించింది.

దండెం చూశాడు. దండెం అంటే ఒట్టి తాడు. లుంగీ బకెట్లో సబ్బునీళ్లలో ఈదుతోంది. అప్పుడుగానీ ఆయనకు లెక్క అందలేదు. గోడ దాటినవి దాటినట్టే ఉన్నాయి, తిరిగి వచ్చింది ఒక్కటీ లేదు.

ఎలీషబా తెల్లచీర కట్టి, బైబిలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లెయ్యి, టైమయింది అంది. ఒంట్లో బాగలేదు, చలిగా ఉంది అన్నాడు శాంతయ్య. నిజంగానే చలిగా ఉంది, ఒంటి మీద తుండుగుడ్డ ఒక్కటే గదా.

"చలైతే కప్పుకో," అని బొంత తెచ్చి ఆయన మీద పరిచింది.

శాంతయ్య దాన్ని చూశాడు. అంచంతా ఖాకీ. మూలల్లో గళ్ల లుంగీలు. చారల చొక్కా నడుమ ఎర్రగా నవ్వుతోంది. చారల నడుమ ఒక చిన్న పసుపు పట్టుముక్క ఉంది. ఆ ముక్క గోడ దాటి వచ్చింది కాదు, ఎలీషబా పెళ్లిచీరది.

"ఇది గిద్దలూరు పెళ్లికూతురికి గదా," అన్నాడు చిన్నగా.

"పెళ్లికూతురి నాయన బట్టలన్నీ నీ కొలతకే ఉండె. ఇంకెవురికియ్యాల?"

"నీకు ఎప్పుడు తెలిసిందే?"

"నా చీర నాకు తెలవదా? ఆ మచ్చ కాలిన పొద్దు గూడా గుర్తుండాది. నువ్వు జొరంతో మూలగతాంటే ఇస్త్రీపెట్టె వదిలేసి పరిగెత్తినా."

శాంతయ్యకు ఉక్రోషం వచ్చింది. తెలిసీ పెళ్లి అని, వ్యాను అని ఇంత నాటకం ఎందుకాడినావు, అడిగినప్పుడే కుట్టి ఇచ్చుంటే పోయేది గదా అన్నాడు.

"ముప్పై రెండేండ్ల నుంచి నీ బొంత కుట్టాలనే ఉండాది నాకు. ఒక్క గుడ్డ ఇచ్చినావా? చినిగిన లుంగీ అడిగితే పెట్టె మీద కూసోని కాపలా కాసినావు. ఖుద్దూసన్న అడిగితే వారంలో పెట్టె ఖాళీ చేసినావు. నీకు బయటోళ్లంటేనే ముద్దు."

ఆ మాట తనదే. శాంతయ్య మనసులో అనుకున్నది ఆమె నోట్లోకి ఎట్ల పోయిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ప్రార్థన అయ్యాక వ్యాను వచ్చింది. గిద్దలూరు పోలేదు, నేరుగా శాంతయ్య గుమ్మం ముందు ఆగింది. పదకొండు మందీ దిగారు. వెనకాలే బాషాబీ బిర్యానీ గిన్నెతో దిగింది. నిజం తెలిసి శాంతపడిందంట. గిన్నె మూతను రెండు చేతులా పట్టుకుని, తల దించుకుని ఖుద్దూస్ దిగాడు.

శాంతయ్య మంచం మీద గడ్డం దాకా బొంత లాక్కుని కూర్చున్నాడు. లేస్తే తుండుగుడ్డ. కాబట్టి లేవలేదు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, సిగ్గుపడద్దు పెళ్లికూతురా అంటూ చదివింపులు పెట్టారు. ఊలు టోపీ, ఊలు మేజోళ్లు, కళ్లద్దాలకు ఊలు సంచి, ఫోనుకు ఊలు చొక్కా. తలకూ పాదాలకూ మధ్య వేసుకునేది మాత్రం ఎవరూ అల్లలేదు.

బిర్యానీ వడ్డించారు. వసారాలో పెళ్లిసందడి. శాంతయ్య టోపీ పెట్టుకుని, బొంతలోంచి ఒక చెయ్యి బయటికి తీసి తిన్నాడు. నిజం చెప్పాలంటే పులి రగ్గు దీని ముందు దేనికీ పనికిరాదు. ఒళ్లంతా వెచ్చగా ఉంది. పట్టుముక్క ఉన్న చోట ఇంకాస్త ఎక్కువ.

అందరూ వెళ్లాక నెమ్మదిగా ఎలీషబాను పిలిచాడు. రేపు సోమవారం, బ్యాంకుకు పోవాలి, పింఛను సంతకం ఉంది. ఈ బొంత చుట్టుకుని పోలేను గదా, నీ చేత్తోనే ఒక చొక్కా కుట్టి పెట్టవే అని బతిమాలాడు.

ఎలీషబా కొక్కెం సూది అందుకుని, గ్యాసు బండ పావడా కుచ్చు సరిచేస్తూ, ఆయన వైపు చూడకుండానే చెప్పింది.

"ఎందుకు కుట్టనయ్యా. అడిగినోళ్లు గుడ్డ తేవాల."