చలికి మొదటి ప్రాధాన్యం

దేశ రక్షణ పరిశోధన ప్రాధాన్యాల కార్యాలయానికి ఏటా మార్చి నెలలో ముప్పులన్నీ స్వయంగా వచ్చి, టోకెన్ తీసుకుని, కుర్చీల్లో కూర్చుంటాయి. దరఖాస్తు పెట్టుకోని ముప్పు మీద ఆ ఏడాది పరిశోధన ఉండదు. ఈసారి అయిదో నంబరు కిటికీ దగ్గరకు చలి వచ్చింది.

కిటికీ లోపల సనపల ఢిల్లేశ్వరి ఉంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఇంట్లోంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. తమ్ముడు వైకుంఠరావు మంచుకొండ మీద జవాను. కిందటి శీతాకాలం ఎడమకాలి వేళ్లు రెండు పోగొట్టుకుని, మళ్లీ అదే కాపలా పోస్టుకు వెళ్లాడు. మంచి బూట్ల మీద పరిశోధన జరిగితే మిగిలిన ఎనిమిదీ దక్కుతాయని ఆమె ఆశ.

"మా తమ్ముడి వేళ్లు తీసుకున్నది నువ్వేనా?"

"నేనే," అంది చలి. "అనుభవం అన్న గడిలో రాశాను కూడా."

ఢిల్లేశ్వరి కోపం దిగమింగి దరఖాస్తు సరిచూసింది. ఏడో గడి ఖాళీగా ఉంది. అక్కడ శత్రుదేశం పేరు రాయాలి. చలికి దేశం లేదు.

"దేశం లేనిది ముప్పెలా అవుతుందమ్మా? అది వాతావరణం," అన్నారు డిప్యూటీ డైరెక్టర్ శేషాచలపతి గారు. "పైగా సీనియారిటీ ఒకటుంది. మొదటి కుర్చీలో పెద్దాయన్ని చూడు."

మొదటి కుర్చీలో ఉన్నది ముప్పై ఏళ్ల కిందట మ్యాపులోంచి మాయమైపోయిన ఒక శత్రుదేశం. ఏటా క్యారేజీ కట్టుకుని వస్తుంది, పొడిగింపు తీసుకుని వెళుతుంది. ఎనభై మంది పరిశోధకులు దాని మీదే బతుకుతున్నారు. జాబితాలోంచి తీసేద్దామంటే ఆ దేశం సంతకం కావాలి. అది పెట్టదు.

ఢిల్లేశ్వరి మూడు రోజులు నిబంధనల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఏ శత్రుదేశమైనా తన పౌరుడికి తన సీనియారిటీ బదిలీ చేయవచ్చని నూట పన్నెండో పేజీలో దొరికింది. వెంటనే మొదటి కుర్చీ దగ్గరకు వెళ్లి చలికి పౌరసత్వం ఇమ్మని అడిగింది.

"ఇస్తానమ్మా, నాకు మాత్రం జనం ఎవరున్నారు?" అంది ఆ దేశం, పెరుగన్నం కలుపుకుంటూ. "ఈ కుర్చీలో నా నడుం కూడా పట్టేసింది."

అలా ఏడో గడి నిండి, సీనియారిటీ చేతులు మారి, చలి మొదటి ప్రాధాన్యం అయింది. ఏప్రిల్లో ఉత్తర్వులు వచ్చాయి. చలిని కూల్చే క్షిపణి మీద పరిశోధన మొదలైంది.

"మరి బూట్లండీ?" అని అడిగింది ఢిల్లేశ్వరి.

"శత్రువును కొట్టాలి గానీ, శత్రువుకు తగ్గట్టు చెప్పులు కుట్టుకుంటామా?" అన్నారు శేషాచలపతి గారు.

శత్రువు కదలికలు రహస్యం గనుక, సరిహద్దులో చలి ఉన్నట్టు ఎవరూ పైకి అనకూడదని రెండో ఉత్తర్వు వచ్చింది. ఢిల్లేశ్వరి బూట్ల కోసం పైవాళ్లకు తొమ్మిది ఆఫీసు నోట్లు రాసింది. 'ఇటువంటి ముప్పు ఉన్నట్టు రాయరాదు' అన్న ముద్రతో తొమ్మిదీ తిరిగొచ్చాయి.

డిసెంబరులో తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఎలాగుందిరా అక్కడ?"

ముందు పళ్లు టకటకలాడిన చప్పుడు వినపడింది. "ఏటీ నేదప్పా. ఎచ్చగుంది."

"నిజం చెప్పరా. వేళ్లెన్ని ఉన్నాయి?"

"అది సెప్పకూడదట. నువ్వా ఆఫీసులోనే ఉన్నావు కదేటి, నీకు తెల్దా?"

ఆమె ఫోన్ పెట్టేసి, ఆ రోజే పంపాల్సిన ప్రగతి నివేదిక తెరిచింది. మొదటి ఏడాదే ఫలితం చూపించకపోతే, కొత్తగా చేరిన చలి జాబితాలోంచి పోతుంది. పోతే బూట్ల మాట ఎత్తే అవకాశం కూడా పోతుంది. అందుకని కలం గట్టిగా నొక్కి, గుండ్రటి అక్షరాలతో రాసింది: "పోస్టులో వెచ్చగా ఉంది. చెప్పినవారు: అక్కడే కాపలా ఉన్న జవాను."