ఏనుగుల తొట్టిలో ఐవీ తీగ

ఒక పెద్ద అడవిలో, కుందేళ్ళకి కూడా ఓటు హక్కు వచ్చిన కాలంలో, గుబురయ్య అనే ఎలుగుబంటి జంతుసభకి అధ్యక్షుడిగా ఉండేవాడు.

సభ జరిగే గుహ ముందు మట్టికుండీలో ఒక ఐవీ తీగ ఉండేది. అదంటే గుబురయ్యకి ప్రాణం. పొద్దున్నే వచ్చి, మట్టిలో వేలు పెట్టి చూసి, పైన ఆరితేనే నీళ్ళు పోసేవాడు.

ఎన్నికలు దగ్గరపడ్డ రోజుల్లోనే తీగ నీరసించింది. పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికే ఆరిపోతున్నాయి. కొత్త ఆకు రావడం లేదు. కుండీ ఎత్తి చూస్తే, అడుగు చిల్లులోంచి వేర్లు గడ్డంలా వేలాడుతున్నాయి.

ఎన్నికల సభలో గుబురయ్య ఆ మాటే చెప్పాడు. "మన తీగకి కుండీ ఇరుకైంది. చలి వెళ్ళి చిగుళ్ళు వేసే రోజులివి, మార్చడానికి ఇదే అదను. ఇప్పటిదానికంటే రెండు వేళ్ళు వెడల్పున్న కుండీ చాలు. అడుగున చిల్లుండాలి. మట్టిలో కాస్త ఇసుక కలపాలి."

జింకలు ఆవులించాయి. కోతులు పేలు చూసుకున్నాయి.

పోటీకి నిలబడ్డ అడవిపంది వీర్రాజు లేచాడు. "రెండు వేళ్ళా? మన తీగకి ఇదేనా మనమిచ్చే మర్యాద? నన్ను గెలిపించండి, గంగాళం ఇప్పిస్తాను."

కుందేళ్ళు తమ ఇంటికే గంగాళం వచ్చినంత సంబరపడ్డాయి.

గుబురయ్య సలహాదారు చిత్రాంగి అనే నక్క. ఆమె ఆయన్ని పక్కకి పిలిచింది. "మీరు నిజమే చెప్పారు, కాదనను. కానీ రెండు వేళ్ళకి ఎవరు ఓటేస్తారండీ?"

"పెద్దదాంట్లో తడి ఆరదు చిత్రాంగీ. వేర్లు కుళ్ళిపోతాయి."

"అది గెలిచాక వచ్చే బాధ. ముందు గెలవాలి కదా."

గుబురయ్యకి తీగ మీద ఎంత ప్రేమో కుర్చీ మీదా అంతే ప్రేమ. ఒక పూటంతా అన్నం సహించలేదు. మర్నాడు సభలో, ఎవరి కళ్ళలోకీ చూడకుండా, "ఏనుగులు స్నానం చేసే రాతితొట్టి ఇస్తాను" అన్నాడు.

గెలిచాడు.

గెలిచాక ఇవ్వక తప్పుతుందా? తొట్టి నిండా మట్టి పోసి నడుమ తీగని నాటారు. అది ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ప్రారంభోత్సవానికి వచ్చిన ప్రతి జంతువూ గౌరవంగా చెంబెడు నీళ్ళు పోసి వెళ్ళింది.

కొన్నాళ్ళకే ఆకులు పసుపెక్కాయి. బురద ఆరలేదు. కప్పలు అందులో కాపురాలు పెట్టి, తీగ అడ్డంగా ఉందని ఫిర్యాదు కూడా చేశాయి.

గుబురయ్య ఇక ఉండబట్టలేకపోయాడు. అందరూ భోజనాలు చేసి కునుకు తీస్తుంటే తొట్టిలోకి దిగి తీగని పైకి తీశాడు. నల్లగా మెత్తబడ్డ వేర్లు కత్తిరించాడు. తెల్లగా, గట్టిగా మిగిలినవాటికి సరిపడేంత చిన్న కుండీ తెచ్చి, ఇసుక కలిపిన మట్టిలో నాటి నీడన పెట్టాడు. చేస్తున్నంతసేపూ "తప్పు నాదేలే" అని దానికి చెప్పుకుంటూనే ఉన్నాడు.

వారాలు గడిచాక చిగురు వేసింది. గుబురయ్య మురిసిపోయి అందరినీ పిలిచి చూపించాడు.

వీర్రాజు కుండీ చుట్టూ ఒకసారి తిరిగాడు. "తొట్టి ఇస్తానన్నాడు, చిప్ప చేతిలో పెట్టాడు. మిగతాదంతా ఎవరు మింగారు?"

"తొట్టి ఎక్కడికీ పోలేదయ్యా, అదిగో అక్కడే ఉంది. తీగ బతికింది, అది చూడండి" అన్నాడు గుబురయ్య.

"తీగ సంగతి ఎవరడిగారు? తొట్టిలోంచి ఎందుకు తీశావో చెప్పు" అంది ఒక ముసలి జింక.

ఆ సాయంత్రమే గుబురయ్యని దింపేశారు. వీర్రాజు కుర్చీ ఎక్కాడు. చిత్రాంగి అప్పటికే ఆయన పక్కన సర్దుకుని కూర్చుంది.

"ఈ బుల్లి కుండీ సభకే అవమానం. నువ్వే పట్టుకుపో" అన్నాడు వీర్రాజు.

గుబురయ్య, ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనని కుండీని పొట్టకి హత్తుకుని గబగబా ఇంటిదారి పట్టాడు.

వీర్రాజు తొట్టికి రంగులు వేయించాడు, చుట్టూ మెట్లు కట్టించాడు. ఇప్పుడు ఏ అడవి నుంచి చుట్టాలొచ్చినా అక్కడికే తీసుకెళ్తారు. "మా తీగ కుండీ ఎంతుందో చూశారా" అంటారు. చుట్టాలు చూసి, నోళ్ళు తెరిచి, కప్పల్ని పలకరించి వెళ్ళిపోతారు.

నీతి: కుండీ తగినంత పెద్దదైతే, మొక్క ఏదని ఎవరూ అడగరు.