కార్డుదారులు బయటే ఉండవలెను

ఆ వేసవి నుంచి విమానాశ్రయం లాంజిలోకి కార్డుల్ని మాత్రమే రానిస్తున్నారు, కార్డులున్న మనుషులు బయట నిలబడాలి. అధికారులు తొందరపడి తీసుకున్న నిర్ణయమేమీ కాదిది. అంతకుముందు ఆ తలుపు దగ్గర రోజూ గొడవలే. ఈ కార్డు కాదండి, దీనితోపాటు బ్యాంకు వాళ్లిచ్చిన ఇంకో కార్డు చూపించండి అంటే ఒకరు జేబులు తడుముకునేవారు. ఇంట్లో మర్చిపోయాను, ఫోనులో ఫోటో ఉంది చూడండని ఇంకొకరు కేకలేసేవారు. చివరికి ఒక సంఘాన్ని వేసి విచారిస్తే, గొడవ పెట్టుకున్నది ప్రతిసారీ మనిషేననీ, కార్డు ఒక్కసారి కూడా నోరు జారలేదనీ తేలింది. లోపలికి రావడానికి అర్హత కార్డుది, గొడవ మనిషిది. అర్హతని లోపల కూర్చోబెట్టి, గొడవని బయట నిలబెట్టారు.

పద్ధతి బాగానే కుదురుకుంది. ప్రయాణికుడు కార్డుని తలుపు దగ్గర పళ్లెంలో పెడతాడు. లోపలివాళ్లు దాన్ని మెత్తటి సోఫాలో వెనక్కి వాల్చి కూర్చోబెడతారు. ఎదురుగా పేపరు మడిచి పెడతారు. ప్లేటులో ఇడ్లీ, ఉప్మా, రెండు బొప్పాయి ముక్కలు వడ్డిస్తారు. కాసేపయ్యాక ఆ ప్లేటు అలాగే తీసేస్తారు. మనుషులు అద్దానికి ఇవతల నిలబడి చూస్తుంటారు. "అదిగో, ఏసీ కింద ఉన్నది మాదేనండి," అని పక్కవాళ్లకి చూపించుకుంటారు. లోపల అంత మంచి సోఫాలుండగా బయట ఎందుకని కుర్చీలు తీసేశారు. టిఫిను కొట్టు కూడా అదే కారణం మీద ఎత్తేశారు.

తాడి సూర్యచంద్రం ఈ పద్ధతికి అలవాటు పడ్డాడు. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు అమ్మే కంపెనీలో ఆయన మేనేజరు. తిరుగుడు ఎక్కువ. ఒక ఊరి లాంజికి పనికొచ్చిన కార్డు ఇంకో ఊళ్లో పనికిరాదు కాబట్టి అన్ని ఊళ్ల కార్డులూ చేయించాడు. అవన్నీ వెనక జేబులో పెట్టుకుని ఏళ్ల తరబడి ఒక పక్కకి ఒరిగి కూర్చోవడంతో నడుం నొప్పి పట్టుకుంది. కార్డులు తగ్గించమని డాక్టరు చెబితే, "అవి ఉండనీయండి, నడుముకే ఏదైనా మందివ్వండి," అన్నాడు.

ఈసారి మాత్రం ఆయనకి లాంజితో నిజంగా పనిపడింది. వెంట అక్క ఉంది.

అచ్చాయమ్మకి రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడి కన్ను బాగా ముదిరిపోయింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆ కంటి మీద ఆశ వదులుకోవాల్సిందేనని డాక్టరు చెబితే, మర్నాటికి హైదరాబాదులో ఆపరేషను పెట్టించాడు. షుగరు అటూ ఇటూ అయితే ఆపరేషను చెయ్యరు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ రైలెక్కలేదని విమానం టిక్కెట్లు తీశాడు. కారులోనే షుగరు మాత్ర వేయించాడు కూడా. "టిఫిను లాంజిలో తిందూగాని అక్కా," అన్నాడు. పండక్కీ పబ్బానికీ ఇంటికెళ్లినప్పుడల్లా ఆ సోఫాల గురించీ, అడక్కుండానే పెట్టే ఇడ్లీల గురించీ ఆవిడకి చెబుతూనే ఉన్నాడు. ఇన్ని కార్డులున్న మనిషి మాట కాదంటారా అని ధీమా.

తలుపు దగ్గర లీలారాణి అనే అమ్మాయి ఉంది. మర్యాదస్తురాలు. ఆయన కార్డుని రెండు చేతులతో అందుకుని లోపలికి పంపించింది.

"మా అక్కని కూడా కాస్త కూర్చోబెట్టమ్మా. షుగరు మనిషి. ఏదో ఒకటి కడుపులో పడాలి."

"ఆవిడ ఎవరి కార్డండి?"

"కార్డు కాదమ్మా. నాతో వచ్చింది."

"మీరే లోపలికి రారు కదండీ సార్."

అది న్యాయంగానే తోచింది ఆయనకి. కాస్త ఆలోచించి, "నా కార్డు మీద ఒక అతిథిని తీసుకెళ్లొచ్చని రాసుంది," అన్నాడు.

"ఉందండి. కానీ పిలవాల్సింది కార్డు. ఉండండి, కనుక్కుని వస్తాను." లీలారాణి లోపలికెళ్లి, సోఫా ముందు వంగి, ఏదో అడిగి వచ్చింది. "ఏమీ అనలేదండి. ఉప్మా చల్లారిపోతోందని చెప్పినా పలకలేదు. బాగా అలిసిపోయినట్టుంది."

అచ్చాయమ్మ ఇదంతా వింటోంది కానీ ఆశ్చర్యపోలేదు. "వాళ్లనేం అనకు తమ్ముడూ. రేషన్ బియ్యం దగ్గరా అంతేగా. వేలు పెట్టమంటారు. నా వేళ్లు అరిగిపోయి పడట్లేదు. మనిషిని ఎదురుగా నిలబడి ఉన్నాను, చిన్నప్పట్నుంచీ నన్ను చూసినవాడే, అయినా వేలు రాలేదు అచ్చాయమ్మా అని పంపించేశాడు. వేలు వస్తే దానికిస్తాడంట."

అంత మాట్లాడేసరికి ఆవిడకి చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. కూర్చోవడానికేమీ లేక లీలారాణి ముందున్న బల్ల మీదకి వాలింది. ఎడం చెయ్యి వెళ్లి కార్డులు చదివే యంత్రం అద్దం మీద పడింది.

యంత్రం కూసింది. పచ్చదీపం వెలిగింది.

అచ్చాయమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది. వరసగా ఇద్దరు పిల్లలు పోయాక సూర్యచంద్రం పుట్టినప్పుడు, వీడైనా దక్కాలంటే తోడబుట్టినదాని ఒంటి మీద పేరు పొడిపించాలని ఎవరో చెప్పారు. అప్పటికి ఆవిడ పరికిణీ కట్టే పిల్ల. చుట్టూ చుక్కలు, మధ్యలో పేరు. ఇంత పొడుగు పేరు ఎందుకు పెట్టావే అని తల్లిని తిడుతూ ఏడ్చిందట. తర్వాత తల్లీ పోతే, పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే.

లీలారాణి తెర చూసి లేచి నిలబడింది. "సార్, ఇది మీ పేరు మీదే ఉందండి. జీవితకాల కార్డు. గడువు లేదు, ఎక్కడైనా చెల్లుతుంది. ఇలాంటిది నేను ఇంతవరకూ చూళ్లేదండి. ఇది దగ్గర పెట్టుకుని ఆ ప్లాస్టిక్కువి ఎందుకండీ మోస్తున్నారు?"

"అయితే లోపలికి రానిస్తారా?"

"రానివ్వడమేంటి సార్! కానీ దయచేసి ఎత్తుకోండి. కార్డు నేల మీద ఉంది."

"నడుస్తుందమ్మా ఆవిడ."

"కార్డు తనంతట తాను నడిచి రాకూడదండి. కార్డుదారే తెచ్చి పెట్టాలి."

సూర్యచంద్రం నడుం నొప్పి సంగతి మర్చిపోయి అక్కని రెండు చేతుల మీదకి ఎత్తుకున్నాడు.

"దింపరా, సిగ్గు లేదూ! నలుగురూ చూస్తున్నారు."

"కదలకక్కా. వంగిపోతే పనికిరాదంటారు."

"నిన్ను చంకనేసుకుని జాతరంతా తిప్పాను. ఇంత రొప్పలేదు నేను."

తలుపు దగ్గర లోపలివాళ్లకి అందించి, అద్దం అవతల జరిగిందంతా ఆయన చూశాడు. అక్కని సోఫాలో వెనక్కి వాల్చారు. పేపరు మడిచి పెట్టారు. ఇడ్లీ పెట్టారు. ఆవిడ తింది. కార్డు తినడం లోపలివాళ్లకి కొత్తే కానీ, తినకూడదని ఎక్కడా రాసి లేదు కాబట్టి మళ్లీ వడ్డించారు. పక్క సోఫాలో ఉన్న తమ్ముడి కార్డు ముందు ఉప్మా ఎండిపోతుంటే ఆవిడ దాని మీద పేపరు కప్పింది. వణుకు తగ్గింది. కళ్లు చికిలించి అద్దం వైపు చూసి, తమ్ముడు నిలబడి ఉంటాడనుకున్న చోటికి చెయ్యి ఊపింది. అక్కడ వేరే ఎవరో ఉన్నారు. ఆ మనిషి కూడా చెయ్యి ఊపాడు. సూర్యచంద్రం అక్కకి ఎన్నాళ్లుగానో చెబుతూ వచ్చిన మాట, ఇవాళ్టికి తీరింది.

విమానం పిలుపు రాగానే వెళ్లి సంతకం పెట్టి అక్కని తెచ్చుకున్నాడు. గేటు దగ్గర ఆవిడ టిక్కెట్టు చెల్లలేదు. లాంజిలో కార్డుగా నమోదైంది కాబట్టి ప్రయాణికురాలిగా ఉన్న పేరు దానంతటదే పోయిందని గేటు దగ్గరున్నాయన చెప్పాడు. "కార్డుకి సీటెందుకండీ? మీతోనే వస్తుందిగా." లోపల ఎయిర్ హోస్టెస్ వచ్చి, విమానం లేచేటప్పుడు కార్డులు జేబులో ఉండాలనీ, జేబులో పట్టనివి ఒళ్లో పెట్టుకోవచ్చనీ చెప్పింది. అక్క కోసం డబ్బు కట్టిన కిటికీ సీటు హైదరాబాదు దాకా ఖాళీగా వెళ్లింది. అచ్చాయమ్మ తమ్ముడి మోకాళ్ల మీద కూర్చుని, "మబ్బులు కనిపిస్తున్నాయా?" అని అడిగింది. ఆయన కనిపించినవన్నీ చెప్పాడు.

ఆస్పత్రి కౌంటరులో ఉన్న కుర్రాడు కార్డు అడిగాడు. సూర్యచంద్రం జరిగింది చెప్పబోతుండగానే అచ్చాయమ్మ అలవాటుగా చెయ్యి చాపింది. పచ్చదీపం వెలిగింది.

"సూర్యచంద్రంగారు. కుడి కన్ను. రేపు పొద్దున్నే."

"నాకు కాదు బాబూ. మా అక్కకి."

"అచ్చాయమ్మగారని ఒక పేరుండేదండి. ఇవాళే మీ కార్డులో కలిసిపోయింది. ఆపరేషను కార్డు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకి."

"శుక్లం ఆవిడ కంట్లో ఉంది!"

"అది కార్డండీ. కార్డుకి కళ్లెక్కడివి?" కుర్రాడు విసుక్కోలేదు. రోజూ చెప్పే మాటలాగే చెప్పాడు.

"పోనీ, ఆ కార్డు రద్దు చేసెయ్. ఆవిడని మళ్లీ మనిషిగా రాసుకో."

"చెయ్యొచ్చండి." కుర్రాడు సొరుగు లాగి కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు. "రద్దుకి కార్డుని అడ్డంగా కత్తిరించి, రెండు ముక్కలూ ఇక్కడ ఇవ్వాలి. మీరే కత్తిరించాలండి. మేం ముట్టుకోకూడదు."

సూర్యచంద్రం కత్తెర వైపు చూశాడు. అక్క ముంజెయ్యి ఇంకా యంత్రం మీదే ఉంది. కత్తెర ఆవిడకి మసగ్గా కనిపించిందో, అసలు కనిపించలేదో. "ఏమంటున్నాడు తమ్ముడూ? ఎందుకు వాదిస్తావు, పాపం చిన్నపిల్లాడు," అంది.

మర్నాడు సూర్యచంద్రానికి కుడి కంటి ఆపరేషను జరిగింది. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. కంట్లో శుక్లం లేదని ఆవిడా గమనించింది. "మంచి కన్నండీ మీది. అయినా మంజూరైపోయింది కదా, వృథా చెయ్యడం దేనికి? కొత్త లెన్సు పెట్టాను, ఇదివరకటి కంటే బాగుంటుంది," అని భుజం తట్టింది. ఆపరేషను సాగినంతసేపూ అచ్చాయమ్మని కౌంటరులో మిగతా కార్డులతోపాటు జాగ్రత్తగా ఉంచారు. పక్కనే ఉన్న రెండు కార్డుల్ని ఎవరూ తీసుకెళ్లలేదని చూసి ఆవిడ బాధపడింది.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలోకి ఆయన అక్కని ఎత్తుకునే నడిచాడు. ఒక కంటికి కట్టు. రెండో కన్ను నీళ్లు కారుతోంది. అందుకని దారి ఆవిడ చెబుతోంది.

"ముందు ఏదో తెల్లగా ఉంది తమ్ముడూ, చూసి నడు."

"అది గోడక్కా."

"గోడా? అంత పెద్ద విమానాశ్రయానికి గోడలెందుకో," అని, మళ్లీ తనే, "ఆ కట్టు తీసేశాక నీకు బాగా కనిపిస్తుందన్నారా?"

"అన్నారక్కా."

"చాల్లే. మొత్తానికి మన కన్ను ఒకటి బాగుపడింది." ఆవిడ మాటలో వెటకారం లేదు. సంతోషమే ఉంది. ఆయన వెతికి చూశాడు.

లాంజి తలుపు దగ్గర వరసగా మనుషులు నిలబడి ఉన్నారు. అక్కడి అమ్మాయికి అచ్చాయమ్మ తనే చెయ్యి చాపింది. ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. పచ్చదీపం వెలిగింది. ఆ అమ్మాయి లేచి నిలబడి నమస్కారం పెట్టింది. వరసలో ఉన్న ఒకాయన మెల్లగా దగ్గరికొచ్చి, "ఎక్కడ చేయించారండీ? మా ఆవిడకి కూడా చేయిద్దామని," అని సూర్యచంద్రాన్ని అడిగాడు. సూర్యచంద్రం, "చిన్నప్పుడే చేయించాలండి," అన్నాడు.

కాసేపటికి లోపల్నించి అచ్చాయమ్మ అద్దం దగ్గరికి తడుముకుంటూ వచ్చింది. కార్డు నడవకూడదని లోపలివాళ్లు వెనకనుంచి చెబుతున్నారు. ఆవిడ కొంగు ముడిలో ఒక గారె ఉంది. అద్దానికి ఆనించి ఇవ్వబోయింది. అద్దం ఉందని ఆవిడకి తెలియలేదు. నూనె మరక పడింది. వాళ్లు ఆవిడని నొప్పి పెట్టకుండా ఎత్తి మళ్లీ సోఫాలో వాల్చారు. ఒకతను గుడ్డ తెచ్చి అద్దం తుడిచాడు. తుడిచాక లోపలంతా శుభ్రంగా కనిపించింది. సూర్యచంద్రం ఉన్న ఒక్క కంటితో చూస్తూ, పక్కాయనకి వేలితో చూపించాడు.

"అదిగోనండి, ఏసీ కింద ఉన్నది. మాదే."